హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్: డెబ్బై అయిదేళ్ళ విజయం, ఉత్తర తెలంగాణ మైదానాలు

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును తొలిసారి గెలుచుకున్నది 1950లో; 2025తో ఆ విజయానికి 75 ఏళ్ళు నిండాయి. ఆ తరువాత 1951, 1952, 1953, 1954 సంవత్సరాల్లోనూ అదే జట్టు అదే కప్పును వదలకుండా నిలబెట్టుకుంది. రోవర్స్ కప్‌ను వరుసగా అయిదేళ్ళు గెలిచిన జట్టు మరొకటి లేదు; 2000–01 తరువాత ఆ పోటీయే నిలిచిపోయింది కనుక ఈ రికార్డును చెరిపే అవకాశం కూడా ఇక ఎవరికీ లేదు. దేశంలోకెల్లా పాతదైన డ్యూరాండ్ కప్‌ను ఆ జట్టు 1950, 1954, 1957, 1961లలో నాలుగు సార్లు గెలిచింది; రోవర్స్ కప్పులు చివరకు తొమ్మిదికి చేరాయి. కలకత్తా పెద్ద క్లబ్బులకు ఉన్న చందాలు గానీ, వేల సంఖ్యలో సభ్యులు గానీ, సొంత గ్యాలరీలు గానీ లేని ఒక పోలీసు శాఖ జట్టు ఇంతటి స్థానానికి ఎలా చేరింది, చేరిన స్థానం నుంచి ఎలా జారిపోయింది అన్నది తెలంగాణ క్రీడా చరిత్రలో తప్పక పరిశీలించవలసిన విషయం.

ఈ పరిశీలన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు సంబంధించినది కూడా. నిజాం పాలనలోని హైదరాబాద్ రాష్ట్రంలో 16 జిల్లాలుండగా, వాటిలో ఎనిమిది తెలంగాణవి, అయిదు మరాఠ్వాడావి, మూడు కన్నడ ప్రాంతానివి. కరీంనగర్, ఆదిలాబాద్ ఆ ఎనిమిదింటిలోనివి. ‘హైదరాబాద్’ పేరుతో గెలిచిన ప్రతి కప్పూ సాంకేతికంగా ఈ జిల్లాలదీ అయినప్పటికీ, ఆ జట్టును నిర్మించిన ఏర్పాటు మాత్రం జంటనగరాల హద్దు దాటి గోదావరి తీరం దాకా రాలేదు. ఒక ఊరిలో ఆట వేళ్ళూనడానికి పిల్లల్లో ఉండే చురుకుదనం ఒక్కటే చాలదనీ, ఆడించే బడి, ఆడినవాడికి అన్నం పెట్టే కొలువు, ఏటా తప్పకుండా జరిగే పోటీ అనే మూడూ ఒకచోట కలవాలనీ సిటీ పోలీస్ చరిత్ర నిరూపిస్తుంది. ఆ మూడూ కలిసిన చోట ఏమి జరిగిందో, కలవని చోట ఏమి జరగలేదో పక్కపక్కన పెట్టి చూడడానికి ఉత్తర తెలంగాణ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

భారతదేశంలో ఫుట్‌బాల్ తొలుత సైనికుల ఆట. డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో మొదలైంది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వంలో విదేశాంగ కార్యదర్శిగా ఉన్న మార్టిమర్ డ్యూరాండ్ పేరు మీదుగా ఏర్పడిన ఆ పోటీ ప్రధానంగా బ్రిటిష్ రెజిమెంట్ల మధ్య సాగేది. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే బొంబాయిలో రోవర్స్ కప్ పుట్టింది. రెజిమెంటు అంటే ఒకే పేరు, ఒకే జెండా కింద పనిచేసే సైనిక దళం. ప్రతి దళానికీ తన జట్టు ఉండేది, ప్రతి కంటోన్మెంటులోనూ ఆట మైదానం ఉండేది. 1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలవడం దేశమంతటా సంచలనమైనా, రోవర్స్ కప్పు ఒక భారతీయ పౌర జట్టు చేతికి రావడానికి 1937లో బెంగళూరు ముస్లిమ్స్ గెలిచేదాకా, డ్యూరాండ్ కప్పు రావడానికి 1940లో మహమ్మదన్ స్పోర్టింగ్ గెలిచేదాకా ఆగవలసి వచ్చింది.

హైదరాబాద్‌కు ఈ ఆట సికింద్రాబాద్ దారిన వచ్చింది. 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంటు, దాని ఉత్తరాన తిరుమలగిరి, బొల్లారం శిబిరాలు దక్షిణ భారతంలో పెద్ద సైనిక స్థావరాలుగా ఎదిగాయి. తెల్ల సైనికులు ఆడే ఆటను గట్టు మీద నిలబడి చూసిన పిల్లలు, సైన్యానికి సామాను సరఫరా చేసే కుటుంబాలవారు, రైల్వే పనివారు, తమిళ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడినవారు దాన్ని తమ వీధుల్లోకి తెచ్చుకున్నారు. భారత ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఫార్వర్డ్‌లలో ఒకడుగా లెక్కించదగిన తులసీదాస్ బలరాం 1936లో పుట్టింది సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడలో, ఒక తమిళ కుటుంబంలో. నగరంలో మూసీకి అటూ ఇటూ ఉన్న బడులు, ఉర్దూ మాధ్యమంలో 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ ఆటకు రెండో ఆసరా అయ్యాయి. కంటోన్మెంటు నుంచి ఆట వచ్చింది. దాన్ని పట్టుకుని పెంచినవి బడులు.

మూడో ఆసరాగా నిలిచింది పోలీసు శాఖ. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడిన 1939 ప్రాంతంలోనే, సిటీ అఫ్గాన్స్ అనే పేరుతోనూ వ్యవహరించబడిన పోలీసు జట్టు రూపుదిద్దుకుంది. ఈ ఏర్పాటు విలువను నేటి పాఠకుడు సరిగా అంచనా వేయాలంటే, ఆనాడు ఆట ఒక వృత్తి కాదన్న సంగతిని గుర్తుంచుకోవాలి. టికెట్టు డబ్బులో ఆటగాడికి వాటా లేదు, ఒప్పందాలు లేవు, బహుమతి సొమ్ము నామమాత్రం. పేదింటి కుర్రవాడు పదహారేళ్ళ దాకా గల్లీలో ఎంత బాగా ఆడినా, పదిహేడో ఏట ఇల్లు గడవడానికి ఏదో ఒక పనిలో చేరవలసిందే. ఆ పని ఆటను మింగేసేది. పోలీసు కొలువు ఈ చిక్కుముడిని విప్పింది. జవానుగా చేరినవాడికి నెల జీతం, ఉండడానికి పోలీస్ లైన్లు, ఆడడానికి పరేడ్ గ్రౌండు, రోజూ కలిసి సాధన చేసే సహచరులు ఒకేసారి దొరికేవారు. పరేడ్ వల్ల ఒంటికి దారుఢ్యం, అధికారి మాటకు కట్టుబడే అలవాటు ముందే వచ్చి ఉండేవి కనుక శిక్షకుడి పని సగం తేలికయ్యేది. పేరు రాకముందే, కేవలం ఆటలో పస ఉన్నదన్న గురి మీద కుర్రవాణ్ని కొలువులోకి తీసుకోవడం ఈ ఏర్పాటులోని కీలకం. 1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ గెలవడంతో ఈ జట్టు పేరు రాష్ట్రం బయట వినబడడం మొదలైంది.

అదే 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి బాధ్యతలను ఒక బడిపంతులు చేపట్టాడు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించి, ఉస్మానియాలో పట్టా పొంది, కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ వంటి పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేసి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత తీసుకున్నవాడు. చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ ఆయన్ను రహీం సాబ్ అనే పిలిచారు. అసోసియేషన్ కార్యదర్శిగా 1963లో మరణించేదాకా, సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడిగా 1950 నుంచి తుదిశ్వాస దాకా, ఆ మధ్యకాలంలోనే భారత జట్టుకు శిక్షకుడిగా ఆయన మూడు బాధ్యతలను మోశాడు. ఈ మూడింటిలో చరిత్రకారులు ఎక్కువగా చెప్పేది మూడోదాన్ని గురించే. మిగిలిన రెంటికీ పునాది మాత్రం మొదటిదే. ఊరి లీగును, అంటే నమోదైన జట్లన్నీ ఒకదానితో ఒకటి తప్పక తలపడే వార్షిక పోటీని, క్రమం తప్పకుండా నడిపినవాడికే ఏ వాడలో ఏ కుర్రవాడు ఎదుగుతున్నాడో తెలుస్తుంది.

రహీం రూపొందించిన పోటీల్లో రెంటిని కొంత దగ్గరగా చూడడం అవసరం. మొదటిది డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంటు. డ్రిబ్లింగ్ అంటే బంతిని కాలికి అంటిపెట్టుకుని ప్రత్యర్థుల మధ్య నుంచి తప్పించుకుంటూ ఒంటరిగా దూసుకుపోవడం. ఆనాటి ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది దానికే. ఆటగాళ్ళు మురిసిపోయేదీ దానికే. ఆ మురిపెం ఉన్నంతకాలం బంతిని పక్కవాడికి అందించే అలవాటు రాదని గ్రహించిన రహీం, బంతి అందిన వెంటనే మరొకరికి పంపితీరాలన్న నిబంధనతో ఒక పోటీనే పెట్టాడు. బంతి తన దగ్గరకు రాకముందే అది ఎక్కడికి పోవాలో ఆటగాడు నిర్ణయించుకుని ఉండాలి. అందుకోసం తలెత్తి తోటివారి కదలికను గమనిస్తూ ఉండాలి. బంతి లేని మిగతా పదిమంది ఖాళీ చోటికి పరుగెత్తుతూ ఉండాలి. ఒక్క నిబంధనతో పదకొండు మంది ఆలోచనా విధానం మారిపోయే ఏర్పాటు ఇది. రెండోది బలహీనమైన కాలితో ఆడే పోటీ. కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే, ఎడమకాలి ఆటగాడు కుడికాలితోనే బంతిని తన్నాలి. మొదట్లో తడబడినా, ఆ పోటీలో ఆడి వచ్చినవాడు తిరిగి మామూలు ఆటలో దిగినప్పుడు, ఇటు తిరిగినా అటు తిరిగినా బంతిని ఒకే వేగంతో వదలగలిగేవాడు. ఖర్చు లేని, పరికరం అక్కర లేని, ఏ పల్లె బడి మైదానంలోనైనా రేపే మొదలుపెట్టగల పద్ధతులు ఇవి. ఒక మంచి ఉపాధ్యాయుడు పిల్లవాడికి రాని లెక్కను పదేపదే చేయించి నేర్పించే తీరు వీటిలో కనిపిస్తుంది.

దక్కను నేల కూడా ఈ ఆటతీరుకు అనుకూలించిందనే చెప్పాలి. కలకత్తా మైదానాలు వానాకాలంలో బురదగా మారి, బంతి నిలిచిపోయి, పొడవైన తన్నులకు, శరీర బలానికి ప్రాధాన్యం దక్కేది. తెలంగాణ మైదానాలు గడ్డి తక్కువైన మొరం నేలలు, ఏడాదిలో అధికభాగం గట్టిగా ఎండి ఉండేవి. అటువంటి నేల మీద బంతి ఎగిరిపడే తీరు నమ్మదగినది కాదు గనుక దాన్ని నేలబారుగా, చిన్న చిన్న పాసులతో నడిపేవాడికే లాభం. రహీం పద్ధతీ, నేల స్వభావమూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య అనంతరం హైదరాబాద్ రాష్ట్రం భారత యూనియన్‌లో కలిసింది. పాలనా యంత్రాంగమంతా మారిన, ప్రజల మనసులు ఇంకా కుదుటపడని ఆ రోజుల్లో, రెండేళ్ళు తిరిగేసరికి రాష్ట్ర పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్‌నూ, ఢిల్లీలో డ్యూరాండ్ కప్‌నూ గెలిచి తిరిగి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం, దేశ విభజన కారణంగా 1941 నుంచి జరగకుండా ఉండిపోయిన డ్యూరాండ్ పోటీ స్వతంత్ర భారతంలో తొలిసారి 1950లో పునఃప్రారంభమైంది. ఆ తొలి విజేత హైదరాబాద్ పోలీస్. ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు కలిసి ఆడిన ఆ జట్టు, అనుమానాల మధ్య యూనియన్‌లో చేరిన ఒక రాష్ట్రానికి దేశం ముందు గౌరవంగా నిలబడే అవకాశాన్ని కల్పించింది. పోలీసు చర్య చరిత్ర మీద ఎన్నో గ్రంథాలు వచ్చాయి. వాటి పక్కన ఈ విజయానికి కూడా కొన్ని పుటలు దక్కవలసిన న్యాయం ఉంది.

సిటీ పోలీస్ ఆటతీరు భారత జట్టు ఆటతీరుగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు. రహీం శిక్షణలో 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఘోరంగా ఓడింది. భారత ఆటగాళ్ళలో అధికులు అప్పటికి బూట్లు లేకుండా ఆడేవారు. చలిలో, తడి పచ్చికలో, బూట్లు తొడిగిన ప్రత్యర్థుల ముందు ఆ అలవాటు చెల్లదని ఆ ఓటమితో తేలిపోయి, అటుపై బూట్లు తప్పనిసరి అయ్యాయి. అదే ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హంగరీ ఆటను చూసిన రహీం, సెంటర్ ఫార్వర్డ్‌ను, అంటే ప్రత్యర్థి గోల్ ముందు కాపు కాసే ఆటగాణ్ని, కొంత వెనక్కి జరిపి ఆడించడంలోని బలాన్ని గ్రహించాడు. అతణ్ని అంటిపెట్టుకుని తిరగవలసిన రక్షకుడు స్థానం వదిలి ముందుకు వస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది, రాకపోతే వెనక్కి జరిగిన ఆటగాడికి ఆటను నడిపే స్వేచ్ఛ దొరుకుతుంది.

ఈ ఆలోచనల ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. క్వార్టర్ ఫైనల్లో భారత్ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించగా బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4–1తో, కాంస్య పతక పోరులో బల్గేరియా చేతిలో 3–0తో ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో దేశానికి నేటికీ అదే అత్యున్నత స్థానం. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, సలామ్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాద్ గడ్డ మీద ఆట నేర్చినవారు ఆ బృందంలో ఉన్నారు. అదే కాలంలో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57, 1957–58లలో వరుసగా రెండుసార్లు గెలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు రహీం చివరి గెలుపు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయన్ను తినేస్తోంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన భారత్, ఆ తరువాత థాయ్‌లాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3–2తో ఓడించింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం నిరాకరించిన ఆతిథ్య దేశపు తీరును భారత క్రీడాధికారి జి.డి. సోంధి విమర్శించడంతో ఇండోనేషియా ప్రజలు భారత్ పేరు వింటేనే మండిపడుతున్న వేళ, సెప్టెంబరు 4న ఫైనల్ జరిగింది. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం సెమీఫైనల్ నుంచి ముందు వరుసలో ఆడించాడు. గాయపడిన ఆటగాణ్ని కాపాడుకోవడమూ, ప్రత్యర్థి లెక్కను తారుమారు చేయడమూ ఒకే నిర్ణయంతో జరిగిపోయాయి. ఫైనల్లో పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేయగా, తమను మొదటి రోజు ఓడించిన దక్షిణ కొరియాను భారత్ 2–1తో ఓడించింది. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, 53 ఏళ్ళ వయసులో రహీం కన్నుమూశాడు. ఆ తరువాత ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు మరో స్వర్ణం రాలేదు.

ఇదంతా జరుగుతున్న కాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పరిస్థితి వేరు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం 1920ల చివర పూర్తయి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా సాగినా, కరీంనగర్ పట్టణం ఆ దారికి దూరంగా ఉండిపోయింది. సైనిక కంటోన్మెంటు ఈ ప్రాంతంలో లేదు. జిల్లా కేంద్రంలో హైస్కూలు, దానికో మైదానం, డ్రిల్ మాస్టరు ఉన్నా, ఊరూరా బడులు స్వాతంత్ర్యానంతరం గానీ రాలేదు. బొగ్గు గనులు, కాగజ్‌నగర్ సిర్పూర్ కాగితపు మిల్లు వంటి పరిశ్రమలు మాత్రం వేలమంది యువకులను ఒకచోట చేర్చాయి. 1920లో సింగరేణి కాలరీస్‌గా మారిన బొగ్గు సంస్థ బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం ప్రాంతాలకు విస్తరిస్తూ పోయిన కొద్దీ, కాలనీలతోపాటు ఆసుపత్రులు, బడులు, మైదానాలు వెలిశాయి; బెల్లంపల్లి తిలక్ స్టేడియం, గోదావరిఖని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఆ వారసత్వంలోనివే. సంస్థలో వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పేరుతో ఒక వ్యవస్థ ఉండి, గనుల మధ్య, ఏరియాల మధ్య పోటీలు నడిపి, ఎంపికైన జట్లను కోల్ ఇండియా స్థాయి పోటీలకు పంపుతుంది. హైదరాబాద్‌లో పోలీసు శాఖకు ఉన్న వనరులలో చాలావరకు, అంటే జీతం, క్వార్టరు, మైదానం, క్రమశిక్షణ, కోల్‌బెల్టులో సింగరేణికీ ఉన్నాయి. రెంటికీ తేడా ఎక్కడున్నదంటే, పోలీసు జట్టు ఆటగాణ్ని ఎంచి కొలువులోకి తెచ్చుకుంది. గనిలో అప్పటికే పనిచేస్తున్నవాడు షిఫ్టు దిగిన తరువాత ఆడుకున్నాడు. మొదటిది జట్టు నిర్మాణం, రెండోది కార్మిక సంక్షేమం. రెండూ మంచివే, కానీ దేశస్థాయి ఆటగాళ్ళు మొదటిదాని నుంచే వస్తారు.

రహీం మరణం తరువాత నగరంలో కూడా ఆ నిర్మాణం మెల్లగా సడలింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారిన జట్టు 1960ల తొలి సగంలో మరికొన్ని కప్పులు తెచ్చింది. 1965–66లో రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అయితే అప్పటికే కలకత్తా క్లబ్బులు హైదరాబాద్ ఆటగాళ్ళను వరుసగా తీసుకుపోతున్నాయి. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిన బలరాం 2023లో మరణించేదాకా బెంగాల్‌లోనే ఉండిపోయాడు. 1960లలో వెళ్ళిన మహమ్మద్ హబీబ్, 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ చేశాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఆటగాళ్ళు పోవడం ఒక్కటే క్షీణతకు కారణమని చెప్పడం వాడుక. ఆ వివరణ సగమే నిజం. ఆటగాళ్ళు బడి నుంచి వస్తూ ఉన్నంతకాలం కొందరు పోయినా ఊటబావికి లోటు రాదు. 1970ల తరువాత బడి మైదానాలు ఇళ్ళ స్థలాలవడం, పాఠశాల లీగులు మూతపడడం, క్రికెట్ టెలివిజన్‌తో ఇంటింటికీ చేరడం వల్ల ఊటే ఎండిపోయింది. వెళ్ళినవారిని నిందించడం కంటే, వారి వెనుక రావలసినవారు ఎందుకు రాలేదని అడగడం చరిత్రకు న్యాయం.

ఆ తరువాత నగరం ఆటను తిరిగి తెచ్చుకునే ప్రయత్నం వేరే పద్ధతిలో చేసింది. 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సి, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేతగా నిలిచింది. 2025లో ఆ జట్టు యాజమాన్యంతో సహా ఢిల్లీకి తరలిపోయింది. పెట్టుబడి మీద నిలిచిన జట్టు, పెట్టుబడి కదిలినప్పుడు కదిలిపోతుంది. 2024లో రహీం జీవితం ఆధారంగా ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చినప్పుడు, ఆయన పేరును మొదటిసారి విన్నామన్న తెలుగు ప్రేక్షకులు తక్కువమంది కాదు.

ఉత్తర తెలంగాణలో మాత్రం ఇదే సమయంలో వేరొక చరిత్ర మొదలైంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళా జట్టులో ఫార్వర్డ్‌గా స్థిరపడింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024–25కు గాను ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెను గౌరవించింది. కంటోన్మెంటు లేని, క్లబ్బులు లేని, లంబాడీ కుటుంబాల తండా నుంచి, అదీ ఒక అమ్మాయి, ఈ స్థాయికి రావడం సిటీ పోలీస్ జట్టు అయిదు కప్పులంత గొప్ప సంగతి. నగరం దాటి ఆట రాలేదన్న పాత లోటును ఆమె ఒక్కతే కొంత పూడ్చింది. ఈ ప్రాంతంలో ఇప్పుడు కొన్ని సౌకర్యాలూ ఉన్నాయి. 1993లో హకీంపేటలో ఏర్పడిన రాష్ట్ర క్రీడా పాఠశాలకు తోడు కరీంనగర్‌లోనూ, ఆదిలాబాద్‌లోనూ ప్రాంతీయ క్రీడా పాఠశాలలున్నాయి. కరీంనగర్‌లో అంబేద్కర్ స్టేడియం, ఆదిలాబాద్‌లో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం ఉన్నాయి.

కొలువు కూడా పూర్తిగా పోలేదు. నిజామాబాద్ బిడ్డ, 2022, 2023 ప్రపంచ చాంపియన్ అయిన బాక్సర్ నిఖత్ జరీన్‌కు తెలంగాణ ప్రభుత్వం 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆ గౌరవానికి ఆమె నూటికి నూరుపాళ్ళు అర్హురాలు. అయితే ప్రపంచాన్ని గెలిచిన తరువాత ఇచ్చే ఉద్యోగం బహుమతి అవుతుంది. 1940లలో సిటీ పోలీస్ ఇచ్చినది ఇంకా ఏదీ గెలవని, కాళ్ళలో పస మాత్రమే ఉన్న కుర్రవాడికి. గెలిచినవారిని సత్కరించే పద్ధతి ఎక్కడైనా ఉంటుంది. గెలవబోయేవారిని ముందే గుర్తించి అన్నం పెట్టే పద్ధతి హైదరాబాద్‌లో ఒకప్పుడు ఉండేది.

కనుక ఈ 75 ఏళ్ళ సందర్భాన్ని నగరంలో ఒక సభతోనో, ఒక శిలాఫలకంతోనో సరిపెట్టకూడదు. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల, ఆదిలాబాద్, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ జిల్లాల ప్రభుత్వ పాఠశాలలకు, ఆశ్రమ పాఠశాలలకు, గురుకులాలకు కలిపి బాలురకూ బాలికలకూ ఏటా తప్పకుండా జరిగే ఒక ఫుట్‌బాల్ లీగును రహీం పేరున మొదలుపెట్టాలి. దానిలో డ్రిబ్లింగ్ లేని పోటీ, బలహీనమైన కాలి పోటీ ఆయన నడిపిన తీరులోనే ఉండాలి. వీటికి కావలసింది ఒక బంతి, ఒక ఈల, ఓపిక గల ఒక పీఈటీ సారు మాత్రమే. ఆ లీగు నుంచి ఏటా కొందరినైనా, వారికి పేరు రాకముందే, పోలీసు శాఖ, సింగరేణి సంస్థ ఎంచి, జీతమిచ్చి, జట్టుగా నిలబెట్టాలి. ఈ నిర్ణయం తీసుకోగల అధికారులు ఇదే ప్రాంతంలో, ఈ మైదానాల పక్కనే పనిచేస్తున్నారు. వచ్చే విద్యా సంవత్సరం బడులు తెరిచే జూన్‌లోపు వారు దాన్ని తీసుకోవాలి.